సిరలొక్కటే చాలా, గుండె గోడ కూడా కాల్చాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మావారికి 58 ఏళ్లు, రొయ్యల చెరువులు చేస్తారు. పదేళ్లుగా బీపీ, ఆరేళ్లుగా షుగరు ఉన్నాయి. బరువు 94 కిలోలు. రెండేళ్ల కిందట గుండె దడ వస్తే భీమవరంలో ఈసీజీ తీసి ఎట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్) అన్నారు. మొదట్లో వచ్చి పోతుండేది. ఇప్పుడు మూడు నెలల నుంచి పోకుండా అలాగే ఉంది. నాలుగడుగులు వేస్తే నీరసం అంటున్నారు. ఎకోలో వాల్వులు బాగున్నాయని, పంపింగ్ 55 శాతమని, ఎడమ పై గది కొంచెం పెరిగిందని రాశారు. నాడి వేగం తగ్గించే మెటోప్రోలాల్, రక్తం పలచన చేసే అపిక్సబాన్ వాడుతున్నారు. విజయవాడలో ఒక డాక్టరు గారు అబ్లేషన్ చేద్దాం, సిరల వరకు చేస్తే చాలన్నారు. రెండో అభిప్రాయం కోసం హైదరాబాద్ వెళితే అక్కడ, సిరలొక్కటే సరిపోవు, వెనక గోడ, లైన్లు కూడా చేయాలి, కొత్త పద్ధతిలో అయితే ఇంకా మంచిది అన్నారు. ఖర్చులో చాలా తేడా ఉంది. ఎవరి మాట వినాలి? చేయించాక రక్తం పలచన చేసే మాత్ర ఆపేయొచ్చా? ఇంకో నెలన్నరలో రొయ్యల పట్టుబడి ఉంది, అప్పటిదాకా ఆగితే ప్రమాదమా? టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.
ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పి తర్వాత కారణాల్లోకి వెళ్తాను. అబ్లేషన్ అంటే దడ పుట్టించే సంకేతాలకు అడ్డుపడేలా గుండె కండరంలో మచ్చ చేయడం. మీవారికి మొదటిసారి దాన్ని ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరల వరకే చేయించండి. అది బాగా చేసేవాళ్ల దగ్గర చేయించండి. ఎన్ని ఎక్కువ చోట్ల కాలిస్తే అంత మేలు అనే లెక్క ఈ జబ్బులో రుజువు కాలేదు. విజయవాడ డాక్టరు గారు చెప్పింది ఖర్చు తగ్గించడానికి చేసే అరకొర వైద్యం కాదు, ముందుగా చేయాల్సిన వైద్యమే అది. నేను అబ్లేషన్ చేసే డాక్టర్ని కాను. చేయించుకుని మన జిల్లాలకు తిరిగొచ్చినవాళ్లను ఆ తర్వాత చూసుకునే గుండె డాక్టర్ని. ఆ వైపు నుంచి రాస్తున్నాను.

గుండె పై గదులు మామూలుగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు ఒక క్రమంలో ముడుచుకుంటాయి. ఈ జబ్బులో అక్కడ నిమిషానికి 350 నుంచి 600 దాకా విద్యుత్ సంకేతాలు చెలరేగుతాయి. దాంతో పై గదులు ముడుచుకోవడం మానేసి వణుకుతుంటాయి. ఆ సంకేతాల్లో కొన్ని మాత్రమే కింది గదులకు దిగుతాయి, అవీ ఒక వరస లేకుండా. అందుకే మీవారి చెయ్యి పట్టుకుని నాడి చూస్తే ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ పొంతన ఉండదు.

ఈ సంకేతాలు ఎక్కడ పుడుతున్నాయో 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో మిషెల్ హైసగేర్ అనే డాక్టరు, ఆయన బృందం చూపించారు. వచ్చి పోయే రకం జబ్బున్న 45 మందిని పరీక్షిస్తే, రెచ్చగొడుతున్న చోట్లలో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి ఎడమ పై గదికి రక్తం తెచ్చే సిరల్లోనే దొరికాయి. గుండె కండరం ఆ సిరల్లోకి కొంత దూరం పాకి ఉంటుంది. మొదటి తుంటరి సంకేతం అక్కడ పుడుతుంది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఈ అబ్లేషన్ చేసినా ఆ పరిశీలన మీద నిలబడి చేస్తున్నదే. గజ్జలోని సిర గుండా సన్నని గొట్టాలు పైకి పంపి, పై గదుల మధ్య గోడను సూదితో దాటి ఎడమ గదిలోకి వెళ్తారు. అక్కడ సిరల ముఖద్వారాల చుట్టూ గుండ్రంగా మచ్చ పడేలా చేస్తారు. సిర లోపల కాల్చరు. సిర మూసుకుపోదు, రక్తం ఎప్పటిలాగే వస్తుంది. సంకేతం మాత్రం ఆ మచ్చ దాటి గదిలోకి రాలేదు.

ఇందులో కష్టమంతా ఆ గుండ్రాన్ని ఎక్కడా ఖాళీ లేకుండా పూర్తి చేయడంలో ఉంది. చేను గట్టుకి ఒక్క ఎండ్రకాయ బొరియ ఉంటే నీళ్లన్నీ పక్క చేలోకి పోవడం మీకు తెలుసు కదా. ఇదీ అంతే. గుండ్రంలో రెండు మిల్లీమీటర్ల కండరం మిగిలి, కొన్ని వారాలకు కోలుకున్నా సంకేతం మళ్లీ కారుతుంది. మొదటిసారి చేయించుకున్నాక జబ్బు తిరిగి వచ్చినవాళ్లను మళ్లీ పరీక్షిస్తే చాలామందిలో కనబడేది ఇలా తెరుచుకున్న సిరలే. అందుకే, గది గోడ మీద ఎన్ని మచ్చ గీతలు (లైన్లు) అదనంగా గీశారన్నదాని కంటే నాలుగు సిరలూ పూర్తిగా, మన్నేలా వేరుపడ్డాయా అన్నదే నాకు ముఖ్యం.

ఇక హైదరాబాద్‌లో చెప్పిన మాట. దాని వెనక ఆలోచన తప్పు కాదు. ఏడు రోజులు దాటి అలాగే ఉండిపోయిన జబ్బులో సిరలే కాక పై గది గోడ కూడా మారిపోయి ఉంటుంది. పీచు పడుతుంది, గది సాగుతుంది. కాబట్టి గోడలో కూడా అడ్డుకట్టలు వేద్దాం అనుకోవడం సహజం. చాలా ఏళ్లు ప్రపంచమంతా అలాగే చేశారు. అప్పుడు స్టార్ ఏఎఫ్ 2 అనే అధ్యయనం జరిగింది, 2015లో ఫలితాలు వచ్చాయి. మీవారిలాగా జబ్బు నిలిచిపోయిన 589 మందిని చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి సిరలొక్కటే. రెండో గుంపుకి సిరలతోపాటు గోడలో చిందరవందర సంకేతాలు కనబడ్డ చోట్లన్నీ. మూడో గుంపుకి సిరలతోపాటు రెండు లైన్లు. ఏడాదిన్నర తర్వాత జబ్బు తిరిగి రానివాళ్లు సిరల గుంపులో 59 శాతం, రెండో గుంపులో 49, మూడో గుంపులో 46. ఈ తేడా యాదృచ్ఛికంగా రావచ్చేమో కానీ, ఎక్కువ కాల్చినందుకు ఎక్కువ మేలు జరిగిందని మాత్రం ఎవరూ అనలేరు. పైగా ఆ రెండు గుంపుల్లో ఆపరేషన్ సమయమూ ఎక్కువే పట్టింది.

వెనక గోడ సంగతి కూడా విడిగా పరీక్షించారు. 2023లో వచ్చిన కాప్లా అధ్యయనంలో 338 మందికి సగం సగం చేసి చూస్తే, ఏడాదికి జబ్బు రానివాళ్లు వెనక గోడ కూడా చేసినవాళ్లలో 52.4 శాతం, సిరలొక్కటే చేసినవాళ్లలో 53.6 శాతం. అంటే సమానమే. మీకు హైదరాబాద్‌లో చెప్పిన వెనక గోడ ఇదే.

రెండో పక్క సాక్ష్యం కూడా చెప్పడం న్యాయం. మార్షల్ సిర అనే చిన్న సిరలోకి ఆల్కహాల్ ఎక్కించి చేసే పద్ధతి ఉంది. 2020లో వచ్చిన వీనస్ అధ్యయనంలో దాన్ని కలిపినవాళ్లకి కొంత మెరుగు కనిపించింది. జబ్బు తిరిగి రానివాళ్లు అది కలిపినవాళ్లలో 49 శాతం, కలపనివాళ్లలో 38 శాతం. చైనాలో దాన్ని లైన్లతో కలిపి చేసిన ఇంకో అధ్యయనంలోనూ మేలు కనబడింది. అది బాగా అలవాటున్న చేతుల్లో జరిగే పని. దాన్ని మొదటిసారికే అందరికీ చేయాలనే దశకి మనం ఇంకా రాలేదని నా అభిప్రాయం. అదనపు లైన్లలో ఇంకో చిక్కు ఉంది. లైన్ పూర్తిగా పడకపోతే ఆ ఖాళీ చుట్టూ సంకేతం గిరగిరా తిరిగి ఫ్లట్టర్ అనే కొత్త రకం దడ మొదలవుతుంది. అది పాతదానికంటే ఎక్కువ బాధపెట్టవచ్చు.

అదనపు పని అవసరమయ్యే సందర్భాలూ ఉన్నాయి. మీవారి పాత ఈసీజీల్లో ఎక్కడైనా ఫ్లట్టర్ కనబడి ఉంటే కుడి గదిలో ఒక చిన్న లైన్ వేయడం సమంజసమే. ఈసీజీలన్నీ పట్టుకెళ్లి ఆ ఒక్క మాట అడగండి. రెండోసారి అబ్లేషన్‌కి వెళ్లినప్పుడు సిరలన్నీ గట్టిగా వేరుపడే ఉండి, అయినా జబ్బు వస్తుంటే, అప్పుడు గోడ గురించి ఆలోచించడంలో అర్థం ఉంది.

కొత్త పద్ధతి గురించి. సిరల చుట్టూ మచ్చ పెట్టడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. రేడియో తరంగాల వేడితో చుక్క చుక్కగా కాల్చడం పాతది. చల్లని బెలూన్‌ని సిర ముఖం దగ్గర ఉబ్బించి కండరాన్ని గడ్డకట్టించడం రెండోది. ఈ రెంటినీ 762 మందిలో పోల్చి చూసిన ఫలితాలు 2016లో వచ్చాయి. రెండూ సమానంగా పనిచేశాయి. మూడోది పల్స్‌డ్ ఫీల్డ్. సెకనులో అతి చిన్న భాగం పాటు బలమైన విద్యుత్ పల్సులిచ్చి కండర కణాల పొరకు రంధ్రాలు పడేలా చేస్తుంది. గుండె కండరం దీనికి త్వరగా లొంగుతుంది, పక్కనున్న అన్నవాహిక, నరాలు అంతగా దెబ్బతినవు. 2023లో వచ్చిన అడ్వెంట్ అధ్యయనంలో, వచ్చి పోయే రకం జబ్బున్నవాళ్లలో, దీని విజయం 73 శాతం, పాత పద్ధతులది 71 శాతం. అంటే ఫలితం దాదాపు ఒక్కటే. దీని అసలు ఆకర్షణ భద్రత, వేగం. 17,000 మందికి పైగా రోగుల రికార్డులు చూస్తే అన్నవాహికకు కన్నం పడిన కేసు ఒక్కటీ కనబడలేదు. ఇది నిజంగా మంచి విషయం. దీనికీ తనవైన ఇబ్బందులు లేకపోలేదు. గుండె రక్తనాళాలు కొద్దిసేపు బిగుసుకోవడం, పల్సులు మరీ ఎక్కువిస్తే ఎర్ర రక్తకణాలు చితికి కిడ్నీల మీద భారం పడడం చూశారు. షుగరున్న మనిషి కాబట్టి ముందే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. డబ్బు ఇబ్బంది లేకపోతే ఈ పద్ధతి ఎంచుకోండి. ఇబ్బంది ఉంటే దీనికోసం పొలం తాకట్టు పెట్టొద్దు. చేసే డాక్టరుకి ఏ పద్ధతి మీద చెయ్యి తిరిగిందో ఆ పద్ధతే మీవారికి మంచిది.

ఆసుపత్రిలో మొహమాటపడకుండా అడగండి. మీరు ఏడాదికి ఎన్ని ఏఎఫ్ అబ్లేషన్లు చేస్తారు? మీరే స్వయంగా చేస్తారా? గుండె చుట్టూ రక్తం చేరితే అర్ధరాత్రి అయినా గుండె ఆపరేషన్ చేసే సర్జన్ ఉన్నారా? గుండెలోకి పంపే గొట్టం (కేథటర్) కొత్తదా, శుభ్రం చేసి మళ్లీ వాడేదా? చెప్పిన ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో రాసిస్తారా? ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఇది ఎంతవరకు వస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రని చేరకముందే కలిసి తెలుసుకోండి, చేరిన తర్వాత కాదు.

ఫలితం మీద ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. మీవారిలాంటి నిలిచిపోయిన జబ్బులో ఒక్కసారి చేస్తే ఏడాది తర్వాత సగం మందికో, అంతకు కొంచెం ఎక్కువమందికో జబ్బు తిరిగి రాదు. కానీ ఈ లెక్కల్లో 30 సెకన్లు దడ వచ్చినా విఫలం కిందే రాస్తారు. మూడు నెలలుగా ఆగకుండా ఉన్న మనిషికి నెలకోసారి పది నిమిషాలు వస్తే లెక్కలో అది ఓటమి, ఇంట్లో అది పెద్ద ఊరట. మొదటి రెండు మూడు నెలల్లో దడ వచ్చినా కంగారుపడొద్దు, మచ్చ మానే సమయంలో అది మామూలే. ఆయుష్షు పెరుగుతుందా అంటే, 2,204 మందిలో చేసిన కబానా అధ్యయనం అందరికీ పెరుగుతుందని చూపలేదు. రోజువారీ జీవితం మెరుగైందని చూపింది. పంపింగ్ బాగా తగ్గినవాళ్లకి మాత్రం అబ్లేషన్‌తో మరణాలు, ఆసుపత్రి పాలవడం తగ్గాయని 2018లో కాజిల్ ఏఎఫ్ అధ్యయనం చెప్పింది. మీవారి పంపింగ్ బాగుంది కాబట్టి మనం ఇది చేయిస్తున్నది ఆ నీరసం పోగొట్టడానికి.

ఆ నీరసం నిజంగా ఈ జబ్బు వల్లేనా? దీన్ని తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది, మీకెవరూ చెప్పినట్టు లేదు. మూడు వారాలు ఒక్క పూట కూడా తప్పకుండా అపిక్సబాన్ వేసుకున్నాక, కాసేపు మత్తు ఇచ్చి ఛాతీ మీద చిన్న షాక్‌తో గుండెని లయలోకి తెస్తారు. కార్డియోవెర్షన్ అంటారు. ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. లయ కొన్ని వారాలే నిలిచినా ఫర్వాలేదు. ఆ వారాల్లో చెరువు గట్టు మీద హాయిగా నడిచారా, అప్పుడూ నీరసమే అన్నారా చూడండి. హాయిగా నడిస్తే అబ్లేషన్ మీద డబ్బు పెట్టడానికి అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. తేడా ఏమీ లేకపోతే నీరసానికి వేరే కారణం వెతకాలి. మీ భీమవరం డాక్టరు గారినే అడగండి.

ఇప్పుడు ఆ ఇద్దరు డాక్టర్లూ చెప్పారో లేదో తెలియని విషయం, నేను అందరికంటే గట్టిగా చెప్పేది. బరువు. 2015లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి వచ్చిన లెగసీ అధ్యయనంలో, ఒంటి బరువులో పదో వంతు తగ్గించి నిలబెట్టుకున్నవాళ్లకి జబ్బు లేకుండా ఉండే అవకాశం మిగతావాళ్ల కంటే ఆరు రెట్లు పెరిగింది. మీవారికి అది తొమ్మిది కిలోలు. ఏ లైనూ, ఏ వెనక గోడా ఇంత మేలు చేసినట్టు నేను చదవలేదు. రెండోది గురక. మీ ఉత్తరంలో రాయలేదు కానీ, 94 కిలోల మనిషి గురక పెట్టకపోతే ఆశ్చర్యమే. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారేమో మీరే గమనించాలి. అలా ఉంటే నిద్ర పరీక్ష చేయించి, రాత్రి గాలి అందించే మాస్క్ పెట్టించండి. ఊపిరి ఆగిన ప్రతిసారీ గుండె పై గది మీద ఒత్తిడి పడుతుంది. రొయ్యల రైతులకి నిద్రే ఉండదని నాకు తెలుసు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందేమోనని, కరెంటు పోయి ఏరేటర్లు ఆగుతాయేమోనని గట్టు మీదే పడుకుంటారు. పట్టుబడి అయ్యాక వచ్చే పంటకైనా రాత్రి కాపలాకి మనిషిని పెట్టుకోమని చెప్పండి. మూడోది మద్యం. వారానికి పది పెగ్గులకు పైగా తాగే 140 మంది మీద 2020లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, మానమని చెప్పిన సగం మందిలో 53 శాతానికి, తాగుతూ ఉన్న సగం మందిలో 73 శాతానికి జబ్బు తిరిగొచ్చింది. పండగకని, పెళ్లికని కూడా వద్దు. బీపీ ఇంట్లోనే మిషన్‌తో చూసి రాసిపెట్టండి. థైరాయిడ్ పరీక్ష చేయించకపోయి ఉంటే చేయించండి.

మాత్ర ఆపే విషయం. పై గదులు వణుకుతున్నప్పుడు ఎడమ గదికి వేలాడే చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకి పోతే పక్షవాతం. ఈ ప్రమాదాన్ని బీపీకి ఒకటి, షుగరుకి ఒకటి అని లెక్కేస్తారు. మీవారికి అప్పుడే రెండయ్యాయి. 65 నిండితే మూడు. ఈ లెక్క అబ్లేషన్ వల్ల మారదు. చేశాక కనీసం రెండు మూడు నెలలు అందరూ వాడాల్సిందే. ఆ తర్వాత కూడా ఇప్పుడున్న మార్గదర్శకాల ప్రకారం మీవారు కొనసాగించాలి. 2025లో రెండు అధ్యయనాలు వచ్చాయి, ఒకటి కొరియాలో, ఒకటి కెనడా డాక్టర్ల ఆధ్వర్యంలో. అబ్లేషన్ అయి ఏడాదికి పైగా జబ్బు తిరిగి రానివాళ్లలో కొందరికి మందు ఆపినా ప్రమాదం పెరగలేదని చూపాయి. ఆశ కలిగించే సంగతే. అంటే ఏడాది దాటాక, రోజంతా ఈసీజీ రాసే హోల్టర్ పరీక్షలో శుభ్రంగా ఉంటే, అప్పుడు డాక్టరు గారితో కూర్చుని మాట్లాడుకోవచ్చు. అంతవరకు రోజుకి రెండు పూటలు, 12 గంటల తేడాతో, తప్పకుండా. పళ్లు పీకించుకోవాలన్నా సొంతంగా ఆపొద్దు.

ఇక్కడ మిగతా పాఠకులకు ఒక మాట. కీళ్లవాతం వల్ల మైట్రల్ వాల్వు సన్నబడి, ఆ పైన ఈ జబ్బు వచ్చినవాళ్ల సంగతి వేరు. వాళ్లకి పాత ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటివే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది. ఇక్కడ రాసింది చదివి మందు మార్చుకోవద్దు.

ప్రమాదాలు తక్కువే కానీ లేవనకూడదు. నూటికి ఒకరికి అటూ ఇటూగా గుండె చుట్టూ సంచిలో రక్తం చేరుతుంది, దాన్ని అక్కడికక్కడే సూదితో తీస్తారు. నూటికి ఒకరికంటే తక్కువమందికి పక్షవాతం రావచ్చు. గజ్జలో నెత్తురు గడ్డ కట్టడం కొంచెం ఎక్కువే, చాలావరకు దానంతటదే తగ్గుతుంది. అన్నిటికంటే అరుదైనది, అన్నిటికంటే భయంకరమైనది, వేడి పద్ధతుల్లో అన్నవాహికకీ గుండెకీ మధ్య కన్నం పడడం. అది ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాదు. ఇంటికొచ్చాక ఒకటి నుంచి ఎనిమిది వారాల మధ్య వస్తుంది. జ్వరం, ఛాతీనొప్పి, మింగితే నొప్పి, లేదా ఉన్నట్టుండి చెయ్యో మాటో పడిపోవడం. మన ఊళ్లలో జ్వరం అనగానే ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించి టైఫాయిడ్ అనుకుంటారు. అలా రెండు రోజులు పోతే మనిషి దక్కడు. ఆ రెండు నెలల్లో జ్వరం వస్తే అబ్లేషన్ చేసిన ఆసుపత్రికే ఫోన్ చేసి వెంటనే వెళ్లండి. వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే గుండెకి అబ్లేషన్ అయిందని ముందుగా చెప్పండి. ఛాతీ సీటీ స్కాన్ తీయమనండి, గొంతులోంచి కెమెరా గొట్టం మాత్రం వేయనివ్వొద్దు. గాలి ఊది చూసే ఆ పరీక్ష ఈ పరిస్థితిలో ప్రాణం తీయగలదు. ఈ నాలుగు వాక్యాలూ కాగితం మీద రాసి ఆయన మందుల పెట్టెలో పెట్టండి.

పట్టుబడి దాకా ఆగొచ్చు. మెల్‌బోర్న్ డాక్టర్లు 2023లో 100 మందిలో కొందరికి నెలలోపు, కొందరికి ఏడాది ఆగి అబ్లేషన్ చేసి చూస్తే ఫలితంలో తేడా రాలేదు. నెలన్నరతో ఏమీ పోదు, అపిక్సబాన్ తప్పకపోతే, నాడి వేగం అదుపులో ఉంటే. పడుకుంటే ఆయాసం, కాళ్లవాపు, కళ్లు తిరిగి పడిపోవడం, కూర్చున్నప్పుడు కూడా నాడి 110 దాటడం, వీటిలో ఏది కనబడినా చెరువు వదిలేసి బయల్దేరాలి. ఆ నెలన్నరలో కార్డియోవెర్షన్ చేయించి, రెండు మూడు కిలోలైనా తగ్గించి, తర్వాత విజయవాడకి తేదీ తీసుకోండి. అబ్లేషన్ అయ్యాక ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. గజ్జ మానేవరకు ఒక వారం బండి కిక్కు కొట్టడం, మేత బస్తాలు మోయడం వద్దు. గట్టు మీద నెమ్మదిగా నడవడానికి అభ్యంతరం లేదు.